ఓరోమో అని రాయండి

సెప్టెంబర్ 26, శుక్రవారం

కువైట్ సిటీ, బ్నీద్ అల్ గార్‌లో మహమ్మద్ గౌస్ కూరగాయల కొట్టు. సెలవు రోజు కాబట్టి కిక్కిరిసి ఉంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు శుక్రవారం ఎలా గడుపుతారన్నది మా ఇంగ్లీష్ పేపర్‌కు నా ఫీచర్. కళావతి తోడు వచ్చింది. రాయచోటి మనిషి, అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది.

గౌస్ ఆ అమ్మాయిని ఏం హబషీ, ఏం కావాల అన్నాడు. ఇక్కడ ఇథియోపియా వాళ్లందరికీ అదే పిలుపు. ఆమె కొత్తిమీర కట్ట పట్టుకుని వచ్చీరాని అరబ్బీలో, హబషీ కాదు, ఓరోమో అంది. గౌస్ సరే సరే అన్నాడు. ఆమె కదల్లేదు. వెనక క్యూ పెరిగింది. చివరికి గౌస్ దండం పెట్టి, అమ్మా తల్లీ, నువ్వు ఓరోమోనే, మీ నాయన ఓరోమో, మీ తాత ఓరోమో, కట్ట తీస్కోని పోమ్మా, నా యాపారం చెడగొట్టాకు అన్నాడు. క్యూ అంతా నవ్వింది. ఆమె కూడా.

పేరు బోంతూ. ఆ ఇంట్లో మాత్రం నూర. మామా, అంటే ఇంటి యజమానురాలు, పెట్టిన పేరు.

అక్టోబర్ 3, శుక్రవారం

సముద్రం ఒడ్డు. ఆరుగురు ఆడవాళ్లు. ఒంటినిండా కప్పే నల్ల అబాయాల కింద తెల్లబట్టలు. దూరం నుంచి చూస్తే పిక్నిక్.

ఓరోమోల పండగ, పేరు ఇరీచా. వానాకాలం దాటించినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం. వాళ్ల దేశంలో పచ్చగడ్డి, పసుపు పూలు పట్టుకుని నీటి ఒడ్డుకు వెళ్తారట. గడ్డి ముంచి ఆ నీళ్లు తలమీద చల్లుకుంటారు. ఇక్కడ గడ్డి ఉన్నది పార్కుల్లోనే. కోస్తే ఫైన్. అందుకే కొత్తిమీర.

కళావతి ఊరుకోలేదు. ఇంత కొత్తిమీర ఉప్పునీళ్లల్ల ముంచుతాండరే, రోంత చింతపండు గూడ తెచ్చుంటే చారు అయిపోవు గదా అంది. బోంతూకు అరబ్బీలో మళ్లీ చెప్పింది. బోంతూ నవ్వి తన కట్ట కళావతి నెత్తిమీద విదిలించింది.

తర్వాత బోంతూ అరబ్బీలో మాట్లాడింది, కళావతి తెలుగులో చెప్పింది. ఓరోమోలు ఇథియోపియాలో అందరికన్నా పెద్ద జాతి. వాళ్లకు ఇతరులు పెట్టిన పేరు ఒకటుంది. పాత పుస్తకాల్లో ఉంటుంది. వాళ్లకది తిట్టు. బడిలో పిల్లలు ఆ పేరుతో పిలిచేవాళ్లు. టీచరూ పిలిచాడు. బడి మానేసింది. తండ్రి ఒకటే చెప్పాడట: ఎవరు తప్పుగా పిలిచినా ప్రతిసారీ దిద్దు, ఒక్కసారి ఊరుకున్నావంటే అదే నీ పేరవుతుంది.

మిగతావాళ్లు ఫొటో వద్దన్నారు. బోంతూ వాళ్లతో చాలాసేపు మాట్లాడింది. ఈమె మన పేరు సరిగా రాస్తుంది, పూచీ నాది అని ఒప్పించిందట. వెనకనుంచి తీశాం.

తన పేరు మాత్రం వేయమంది. మామా చూస్తే కష్టం కదా అన్నాను. మామాకు బోంతూ ఎవురో తెలిస్తే గదక్కా అంది కళావతి.

వెళ్లేటప్పుడు బోంతూ నా చేయి పట్టుకుంది. ఓరోమో అని రాయండి. అంతే అడిగింది.

అక్టోబర్ 5, ఆదివారం

కాపీ ఇచ్చేశాను. సాయంత్రం డెస్క్ నుంచి వెంకీ ఫోన్. హైదరాబాద్ కుర్రాడు, జాగ్రత్తగా ఎడిట్ చేస్తాడు. మేడం, ఓరోమో అంటే రీడర్స్‌కి ఎట్ల తెలుస్తది అన్నాడు. మినిస్ట్రీ ప్రెస్‌మీట్‌కు పరుగెత్తుతున్నాను. చివర రెండు లైన్లు బ్యాక్‌గ్రౌండ్ పెట్టెయ్ అన్నాను.

అక్టోబర్ 6, సోమవారం, ఉదయం 7

అయిదో పేజీ. హెడింగ్ బాగుంది. ఫొటో బాగుంది. బోంతూ పేరు సరిగానే ఉంది.

చివరి వాక్యం: వీరికి ఫలానా అని ఇంకో పేరు కూడా ఉంది.

ఆ ఫలానా మాటను ఇక్కడ కూడా రాయను.

అదే రోజు, మధ్యాహ్నం

వెంకీని అడిగాను. మేడం, నేనేం కల్పించలే, లైబ్రరీల ఎన్‌సైక్లోపీడియా చూసి పెట్టిన అన్నాడు. పేజీకి స్లిప్ కూడా పెట్టి తెచ్చాడు. పాత ఎడిషన్. ఆ మాట ఉంది. సోర్స్ లేకుండా ఏదీ రాయొద్దని వాడికి నేర్పింది నేనే. కొత్త పుస్తకం చూడమని చెప్పలేదు. బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు, నేనే రాసిస్తాను అనీ అనలేదు.

ఎడిటర్ ఆ వాక్యాన్ని వెబ్‌లో తీయించాడు. ప్రింట్‌లో కరెక్షన్ దేనికి, ఎవరూ కంప్లయింట్ చేయలేదుగా అన్నాడు. నేను చేస్తున్నాను అన్నాను. మీరు రిపోర్టర్ కదమ్మా అన్నాడు.

అక్టోబర్ 7, మంగళవారం

కరెక్షన్ రాలేదు.

అక్టోబర్ 8, బుధవారం

వచ్చింది. పదకొండో పేజీలో, నమాజు వేళల కింద. ఫీచర్‌లో ఒక వాక్యం పొరపాటున చేరింది, చింతిస్తున్నాం. ఏ వాక్యమో లేదు. ఎవరి గురించో లేదు. ఓరోమో అన్న మాట లేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

కొట్టు దగ్గర కళావతి ఒక్కతే. పేజీ ఫొటో వాట్సాప్‌లో తిరిగిందట. దాని చివరి వాక్యం చుట్టూ ఎవరో ఎర్రగీత గీశారు. ఒడ్డుకు వచ్చిన అయిదుగురూ బోంతూతో మాట మానేశారు. పూచీ పడింది తనే కదా. ఊరి నుంచి అన్న ఫోన్ చేశాడట. ఆ మాట అంటే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చినదానివి, ఇప్పుడు నీ పేరు పక్కనే అచ్చేయించుకున్నావా అన్నాడట.

కళావతి వెంట అర్దియా వెళ్లాను. బోంతూ గేటు దాకా వచ్చింది. క్షమించమన్నాను. నా పేరు సరిగానే రాశారు అంది. ఆ చివరిది మీరు రాశారా అని అడిగింది. నేను రాయలేదు, కానీ పెట్టమన్నది నేనే, ఏం పెట్టారో చూసుకోలేదు అన్నాను. కళావతి అరబ్బీలో చెప్పింది. బోంతూ విని తల ఊపింది. లోపల పిల్లాడు నూరా అని అరిచాడు. వెళ్లిపోయింది.

అక్టోబర్ 14, మంగళవారం

కళావతి ఫోన్. అక్కా, బోంతూ అంటే పలకడం మానేసింది, నూర అంటేనే వస్తాది అంది. నాతో గూడ అంతే, వంటింట్ల ఇద్దరమే ఉన్నా అంతే అంది.

మా ఊర్ల పెద్దోళ్లు మమ్మల్ని పేరుతో యాడ పిల్చినారు, కులం పెట్టే పిల్చినారు, దిద్దల్లని మాకు తోచనే లేదు, ఈ పిల్ల దిద్దుతాంటే సంబరమయ్యేది అంది.  

అక్టోబర్ 17, శుక్రవారం

వెళ్లలేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

గౌస్ కొట్టు. నేను లోపల, ఉల్లిగడ్డల బుట్ట దగ్గర. ఆమె మామా పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. నన్ను చూడలేదు.

గౌస్ దూరం నుంచే కేక వేశాడు. రా తల్లీ ఓరోమో, కొత్తిమీర ఎన్ని కట్టలు కావాల?

ఆమె తలెత్తలేదు. హబషీ అంది.

గౌస్ జోకనుకుని నవ్వాడు. తర్వాత నా వైపు చూశాడు.