షష్ఠి దగ్గర చెయ్యి

2006 జూలై, మంగళవారం. అనకాపల్లి

బళ్లో దెబ్బలు తింటోందనే కదా మా అమ్మాయి పావనిని మూడో తరగతిలో మానిపించాను. నాన్న నాకు నేర్పినట్టే ఇంట్లో సంస్కృతం వల్లె వేయిస్తున్నాను. ఈరోజు రామ శబ్దం ఒప్పజెప్పింది. పంచమీ విభక్తి దాకా చకచకా చెప్పింది. షష్ఠి దగ్గర ఆగింది. కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని, కళ్లు మూసుకుని "రామస్య" అంది.

చిన్నప్పుడు చీడికాడలో మా అరుగు మీద నేను తడబడేది అక్కడే, నాన్న బెత్తం నా అరచేతి మీద పడేదీ అక్కడే. పావని పుట్టకముందే ఆయన పోయారు. ఆ బెత్తం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పావని మీద ఇంతవరకూ చెయ్యెత్తలేదు.

"ఏటే, సెయ్యలా దాసేవు?" అన్నాను.

"అక్కడ దాసుకోవాలి కదమ్మా. నువ్వు సెప్పినప్పుడల్లా అలాగే సేత్తావు."

నమ్మలేదు. అది ఆడుకోవడానికి వెళ్లాక వంటింట్లో నిలబడి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి, మొదటి నుంచీ చెప్పుకున్నాను. "రామస్య" అనేసరికి గట్టు మీద ఒక చెయ్యే ఉంది.