పూర్ణకు సీటు రాలేదు, నా వల్లనే

బెజవాడ
జ్యేష్ఠ మాసం, సోమవారం

అన్నయ్యకు నీ చెల్లెలు సుభద్ర నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ, మీ బావగారూ, మా అత్తగారూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన దగ్గు తగ్గిందా? ఈ ఉత్తరం మగ్గం గుంటలో కూర్చుని చదవకు. పైకి వచ్చి, మంచినీళ్ళు తాగి, అరుగు మీద కూర్చుని చదువు. భయపడాల్సింది కాదు గానీ నీకు కోపం వచ్చే వార్త. ముందే చెప్పేస్తున్నాను, మన పూర్ణకు మా హాస్టల్లో సీటు రాలేదు. రాకుండా పోయింది నా వల్లనే.

ముందు ఎండల సంగతి రాసి, తర్వాత నూలు దొరుకుతోందా అని అడిగి, చివర ఈ మాట రాద్దామని రెండు కాగితాలు పాడు చేశాను. నేను చుట్టూ తిప్పి మాట్లాడితే నువ్వు ఇట్టే పట్టేస్తావని మానేశాను.

ఎండలు మాత్రం రోహిణి కార్తె దాటినా తగ్గలేదు. కొండరాళ్ళు కాగి ఊరంతా సెగ కొడుతోంది. యుద్ధం రైళ్ళు ఎక్కువై మీ బావగారు డ్యూటీల మీద తిరుగుతూ వారానికి రెండు రోజులు కూడా ఇంట్లో ఉండడం లేదు. నేను ఈ ఊరొచ్చి రెండేళ్ళయిందా, ఇప్పటికీ పొద్దున్నే మగ్గం చప్పుడు వినపడకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. ఇక్కడ అన్నీ రైలు కూతలే. వంకాయకు కూడా మన ఊరి రుచి లేదు. అది మా అత్తగారి ముందు అనను.

అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను హాస్టలు యజమానురాలివి అన్నావు. అక్కడ యజమాని ఎవరూ లేరన్నయ్యా. పల్లెల నుంచి హైస్కూలు చదువుకు వచ్చే ఆడపిల్లల కోసం ఏడుగురం కలిసి సంఘం పెట్టి రిజిస్టరు చేయించాం. ఆ ఏడుగురమే కార్యవర్గం. నేను కార్యదర్శిని. పేరు పెద్దదే గానీ పని గుమాస్తాది. సభ ఉందని అందరికీ చీటీలు పంపాలి, వచ్చినవాళ్ళ పేర్లూ చేసిన తీర్మానాలూ మినిట్సు పుస్తకంలో రాయాలి, ఏటేటా కాగితాలు రిజిస్ట్రారు ఆఫీసుకు పంపాలి. హాస్టలు మాలో ఎవరి సొత్తూ కాదు. నలుగురూ నమ్మి మా చేతిలో పెట్టారు, అంతే.

నిబంధనలు రాసుకున్నప్పుడు ఒకటి నేనే పట్టుబట్టి పెట్టించాను. సభ్యురాలి బంధువుల సంగతి వచ్చినప్పుడు ఆవిడ లేచి బయటికి వెళ్ళాలని. ఇంకొకటి, సభలో ఐదుగురైనా లేకపోతే ఏ తీర్మానమూ చెల్లదని. ఆ రోజు అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

తర్వాత నువ్వు పంపిన మూట వచ్చింది. ఆరు చీరలు, నీ చేతి నేత. మీ సంఘం ఆడవాళ్ళకు పుట్టింటి సారెగా పంచమని చీటీ. బట్ట దొరకని ఈ రోజుల్లో నువ్వు నూలు ఎక్కడ సంపాదించావో, ఎన్ని రోజులు నడుం వంచావో అనుకుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. పొంగిపోయి మిగతా ఆరుగురికీ బొట్టు పెట్టి ఇచ్చి వచ్చాను. అంచు చూసి వాళ్ళు నోరు తెరుస్తుంటే, మా అన్నయ్య నేసిందండీ అని ఆరిళ్ళలోనూ చెప్పుకున్నాను. మూడో రోజు టపాలో పూర్ణ అర్జీ వచ్చింది. ముందు చీర, వెనక అర్జీ. అప్పటికి గానీ నా బుర్రకు వెలగలేదు.

నువ్వు లంచం అనుకుని పంపలేదని నాకు తెలుసు. మన ఇంట్లో ఎవరి గుమ్మం తొక్కినా వట్టి చేతులతో తొక్కం. కానీ ఒక్క సీటుంది, రెండు అర్జీలున్నాయి. రెండోది దివి సీమ పిల్లది. ఆ పిల్ల నాన్న ఎవరికీ చీరలు పంపలేదు.

సభ రోజున ఒకరికి జ్వరం, ఒకరు తెనాలిలో పెళ్ళికి వెళ్ళారు. ఐదుగురమే మిగిలాం. పూర్ణ నా మేనకోడలని చెప్పి లేచాను. నేను బయటికి వెళితే నలుగురే అవుతారు, అప్పుడు సభే లేదు. అధ్యక్షురాలు మాణిక్యమ్మగారు ప్లీడరుగారి భార్య, నన్ను కూతురిలా చూస్తారు. ఆవిడ నవ్వి, "దానికేముందే సుభద్రా, గుమ్మంలో నుంచో. ఒక కాలు లోపల పెట్టు, ఒక కాలు బయట పెట్టు. బయటికి వెళ్ళినట్టూ ఉంటుంది, లెక్కకు ఉన్నట్టూ ఉంటుంది" అన్నారు.

"గడప మీద నిలబడకూడదని మా అమ్మ చెప్పిందండీ" అన్నాను. అన్నాను గానీ నిలబడ్డాను. నీ దగ్గర దాపరికమెందుకు, పూర్ణకు రావాలని నాకూ ఉంది. నిమిషంలో తేలిపోయింది. సీటు పూర్ణకే అన్నారు.

లోపలికి వచ్చి పుస్తకం తెరిచాను. హాజరైనవారు అని రాసి నాలుగు పేర్లు రాశాను. ఐదోది నా పేరు. అది రాస్తే నేను లోపలున్నట్టు. రాయకపోతే తీర్మానం లేనట్టు. చివరికి, సభ్యులు చాలనందున సభ వచ్చే ఆదివారానికి వాయిదా అని రాశాను. మాణిక్యమ్మగారు అది చదివి, "నీ పిల్లకు నువ్వే అడ్డమా తల్లీ" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నిన్న మళ్ళీ సభ. ఈసారి అందరూ వచ్చారు. చీరల సంగతి నేనే ఎత్తి పుస్తకంలోకి ఎక్కించాను. బొట్టు పెట్టి ఇచ్చినవి వెనక్కి పుచ్చుకోవడం నాకు చేతకాలేదు, ఇవ్వడం వాళ్ళకూ చేతకాలేదు. హాస్టలుకే ఇచ్చినట్టు నీ పేరున రాసి, పిల్లలకు ఓణీలు చేయిద్దామని మాణిక్యమ్మగారే దారి చెప్పారు. ఐదు వచ్చాయి. ఆరోది అప్పటికే తెనాలి పెళ్ళికి వెళ్ళొచ్చింది. తర్వాత నేను వరండా చివరకు వెళ్ళి కూర్చున్నాను. సీటు దివి సీమ పిల్లకు ఇచ్చారు. ఆ పిల్లకు ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, పూర్ణకు మేనత్త ఉంది అన్నారు. ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను.

ఇప్పుడు కోపపడడం నా వంతు. అర్జీలో, ఈ ఊళ్ళో బంధువులెవరైనా ఉన్నారా అన్నచోట నువ్వు ఎవరూ లేరని రాశావు. నేను లేనా అన్నయ్యా? ఆ రెండు మాటలు చూసి నేను ఏడ్చినట్టు సీటు పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆడపడుచు అత్తవారింట పిల్లను ఉంచి మాట పడకూడదని నీ పట్టుదల. అదీ నాకు తెలుసు. అందుకే నేనూ ఇన్నాళ్ళు మా అత్తగారిని అడగడానికి జంకాను. నిన్న సభ నుంచి రాగానే అడిగాను. "ఈ మాటకు ఇన్నాళ్ళా? నా కళ్ళు కనపడక భాగవతం మూలన పడి ఉంది. పిల్లను రప్పించు, రోజూ చదివి వినిపిస్తుంది" అన్నారు. మీ బావగారి మాట చెప్పేదేముంది, ఆయన ఎప్పుడూ సరేననే మనిషి.

బడి తెరవడానికి పది రోజులుంది. పామర్రులో పొద్దుటి బస్సు ఎక్కించు. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు, దారిలో ఎక్కడ ఆగుతుందో తెలియదు, పెరుగన్నం కట్టి ఇవ్వమను. వీలైతే వదినను కాస్త చింతకాయ పచ్చడి పంపమను. అది మాకే, సంఘానికి కాదు.

అమ్మకూ, పెదనాన్నకూ నా నమస్కారాలు చెప్పు. కోపం తగ్గాక నన్ను దీవించు, తొందర లేదు.

ఒక్క మాట. సీటు ఎలా పోయిందో పూర్ణకు ఇంకెవరో చెప్పకముందే నువ్వే చెప్పు. అత్తయ్య వల్లనే పోయిందని దాచకుండా చెప్పు. దానికి నా మీద కోపమొస్తే, ఆ కోపంతోనే రమ్మను.

నీ చెల్లెలు
సుభద్ర