‘కాలవగట్టు ప్రేమ’ ఆఖరి కాపీ

విజయవాడ, గాంధీనగర్
3-6-1974

చల్లపల్లి శౌరయ్య గారికి సంజీవరావు నమస్కారాలు.

పాత సినిమాల రీళ్లు పోగుచేయడం నా పిచ్చి. ఇరవైమూడేళ్ల కిందట మీరు తీసిన ‘కాలవగట్టు ప్రేమ’ కోసం మద్రాసులో, కలకత్తాలో కూడా నాలాంటి వాళ్లు వెతుకుతున్నారు. ఇంటర్వెల్ తర్వాత దాదాపు చివరిదాకా హీరోయిన్ ముఖం కనపడదు. వీపే ప్రేమిస్తుంది, వీపే ఏడుస్తుంది. కలిసినప్పుడల్లా మాకు ఆ ముచ్చటే. ఉన్న ఒక్క కాపీ మీ దగ్గరే ఉందట. ఒకసారి వేసి చూసుకోనివ్వండి.

మీ విధేయుడు,
సంజీవరావు

తా.క. మీరు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి.

చల్లపల్లి
10-6-74

సంజీవరావు గారికి, శౌరయ్య ఒకరిచేత రాయించకుండా స్వయంగా రాసింది.

మీ ముచ్చట ఏమిటో నాకు తెలుసులెండి. మా ఊరి డేరా హాల్లో మొదటి ఆటకే ఆ వీపు చూసి ఈలలేశారు. ఆ హీరోయిన్ దోమలు కుడుతున్నాయని సగంలో మద్రాసు రైలెక్కింది. అదే గళ్ల చీర మా ఆవిడ సంపూర్ణమ్మకు కట్టించి, అటు తిప్పి నిలబెట్టాను. తప్పు నాది, నవ్వులపాలైంది అది. చచ్చిపోయి పదేళ్లయింది. ఇంకా నవ్వుతారా?

అందుకని వీపు కనపడిన ముక్కలన్నీ బ్లేడుతో కోసేశాను. మిగతాది బస్సులో పంపిస్తున్నాను. ఇప్పుడు నవ్వండి చూద్దాం.

శౌరయ్య

తా.క. కోసినవి పొయ్యిలో వేస్తే భగ్గుమని సగం మీసం కాలింది. అప్పుడు ఈ సినిమాకి రెండెకరాలు పోయాయి. ఇంక దీనికివ్వడానికి నా దగ్గరేమీ లేదు.

విజయవాడ
19-6-1974

శౌరయ్య గారూ,

డబ్బాలు అందాయి. ఇంటర్వెల్ తర్వాత తొమ్మిది నిమిషాలు మిగిలింది. అందులో హీరో ఒక్కడే గట్టుమీద ఎవరూ లేనివైపు చూస్తూ బతిమాలుతున్నాడు.

మేం వెతికింది ఆ వీపు కోసమేనండీ, నవ్వడానికి కాదు. అప్పటికి పదేళ్లవాణ్ణి, మీ డేరాలో ఆడిన మూడు రోజులూ నేల టిక్కెట్టు కొని చూశాను. ఆఖర్న పడవెక్కి ఆవిడ ఒక్కసారి ఇటు తిరుగుతారు. ఆ ముఖం మళ్లీ చూడాలనే నాకీ పిచ్చి పట్టింది. ఆ ముక్కయినా ఉంచారా?

సంజీవరావు

తా.క. మీసం ఎలా ఉందండీ?

చల్లపల్లి
24-6-74

బాబూ సంజీవరావూ,

ఉంచలేదు. అది ఇటు తిరిగిందని నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఈలలు పడలేక సగంలోనే లేచొచ్చాను, మళ్లీ చూడలేదు. ఆ సీను తీసిన రోజు పడవ నెట్టే మనిషి రాకపోతే నేనే తలొంచుకుని వెనకనుంచి నెట్టాను. అంటే నా వైపే తిరిగింది. మొన్న కోసేటప్పుడూ చూపు ఆనక, గళ్లు కనపడిన చోటల్లా కోశాను.

దానికి ఒక్క ఫొటో లేదు. తీయించమని అడిగితే, సినిమాయే తీశానుగా అన్నాను.

కాపీ పోయిందనుకోకు. నువ్వున్నావు. బస్సెక్కి రా. నా ఎదురుగా కూర్చుని, ఎలా తిరిగిందో చెప్పు.

శౌరయ్య

తా.క. నవ్వుతూ తిరిగిందా, కోపంగానా? కోపంగా అయితే అదే చెప్పు. దాని కోపం చూసి కూడా పదేళ్లయింది.