తోవిచ్చిన జనం

యెరవాన్, ఆర్మేనియా
24 ఏప్రిల్ 2018

జగన్నాధం మావయ్యా,

నేను బాగున్నాను. ప్రధాని దిగిపోవాలని ఇక్కడి జనం వారం పైగా రోడ్లమీద కూర్చున్నారు. నాన్న అది టీవీలో చూసి, డాక్టరు చదువు మానేసి నరసన్నపేట వచ్చేయమంటున్నాడు.

నిన్న ఆ జనం మధ్య ఒకావిడ పురిటినొప్పులతో కారులో చిక్కుకుపోతే, నేను ఆవిడ పక్కన ఎక్కాను. నాతో చదివే హేమ, మన పాతపట్నం పిల్ల, కారు ముందు పరుగెడుతూ తెలుగులోనే అరిచింది: "లెగండర్రా! తోవియ్యండి! కార్లోనే పిల్ల పుట్టీసేలాగున్నాది!" ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ లేచి దారిచ్చారు.

మేం ఆస్పత్రి చేరాక, ప్రధాని రాజీనామా చేశాడని కబురొచ్చింది. బయట వీధంతా చిందులు, లోపల పసిపాప ఏడుపు! నర్సు ఆ పాపను నా చేతుల్లో పెట్టింది మావయ్యా!

డాక్టర్నయ్యాకే వస్తానని నాన్నకు నువ్వే నచ్చజెప్పు.

నీ మేనకోడలు