నిషంగుడు గద్దె ఎక్కుతడా, లేదా?

నాంపల్లి,
సోమవారం.

గన్‌ఫౌండ్రీల ఉన్న పావురం ప్రచురణల ఆఫీసు పెద్దమనుషులకు, నాంపల్లి స్టేషన్ ఎదురు సందుల బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే రాజమల్లు తన చేతితోనే రాసుకున్నది.

ఏడేండ్ల నుంచి కడుపుల పెట్టుకున్న మాట ఇది. మీ 'ఉప్పుకోట గాథ' ఆరో పుస్తకం చివరి పేజీల, గుర్రాలు కడిగే నిషంగుడు రాజదర్బారు గడప దాటనీకి ఒక కాలు లేపిండు. అంతే, పుస్తకం అయిపోయింది. ఏడేండ్లాయె, పిలగాని కాలు గాల్లనే ఉన్నది. మనిషికి తిమ్మిరెక్కదా? ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేటోళ్లను "ఏడోది వచ్చిందా" అని అడుగుతున్న. ఇప్పుడు వాళ్లు నన్ను దూరం నుంచి చూసే తల అడ్డంగ ఊపుతున్నరు.

నాకు చదువు నాలుగో తరగతి దాకే. నేను జిప్పులు కుడుతుంటే ఆరు పుస్తకాలూ నా మనవరాలు హాసిని చదివి వినిపించింది. ఆ హాసినికే ఇప్పుడు కొడుకు పుట్టిండు. వచ్చే నెల మొదటి శనివారం తొట్టెల. ఆ దినం పిలగాన్ని తొట్టెల వేసి, చెవుల పేరు చెప్పాలె. 'నిషంగ్' అనే పెడ్త అని మొండికేసి కూర్చున్నది.

నా ఫికరంత గదే. మా గల్లీల రాంచందర్ మీ నాలుగో పుస్తకం చదివి, యువరాజు మంచోడని కొడుక్కు వాని పేరు పెట్టిండు. అయిదో పుస్తకంల ఆ యువరాజు కన్నతండ్రికి విషం పెట్టిండు. ఇప్పుడు రాంచందర్ కొడుకు చాయ్ తెస్తే తాగడు.

అందుకని అడుగుతున్న. నిషంగుడు రాజైతడా, కాడా? దర్బారుల అడుగు పెట్టంగనే బాణం తగిలి పడతడా? పడితే పడ్డడని చెప్పుండ్రి, వేరే పేరు చూసుకుంటం.

ఇట్లు,
రాజమల్లు

తా.క. మీ ఆఫీసు నా దుకాణం నుంచి నడిచేంత దూరమే. అయినా స్పీడ్ పోస్టుల పంపుతున్న. నాంపల్లి కోర్టుల అన్నతోని కేసు నడిపినోన్ని. రసీదు లేంది నేను ఎవరికీ నమస్తే గూడ పెట్ట.

*

గన్‌ఫౌండ్రీ,
గురువారం.

గౌరవనీయులైన రాజమల్లు గారికి, నమస్కారం.

'నిషంగ్' పేరు వాడుకోవడానికి అనుమతి కోరుతూ మీరు రాసిన ఉత్తరం అందింది. ఈ పేరుతో ఇప్పటికే ఒక టిఫిన్ సెంటరు, ఒక జిమ్, ఒక కొబ్బరినూనె నడుస్తున్నాయి. కాబట్టి కొత్త అనుమతి ఇచ్చేముందు కొన్ని వివరాలు తీసుకుంటున్నాం. మీ ఉత్పత్తి బరువెంత? ఎక్కడ తయారైంది? ఎంతకాలం నిల్వ ఉంటుంది? మార్కెట్లోకి ఎప్పుడు వదులుతున్నారు? దాని మీద నిషంగుడి బొమ్మ వేస్తారా?

ఇక నిషంగుడు రాజవుతాడా అన్నది చాలామంది అడుగుతున్న ప్రశ్నే. దానికి జవాబు రచయిత అమరేశ్వరరావు గారే ఏడో భాగంలో చెబుతారు.

భవదీయురాలు,
మృదుల
పాఠకుల విభాగం

తా.క. ఉత్పత్తి తినేదైతే, అందులో వాడిన పదార్థాలు కూడా తెలియజేయగలరు.

*

నాంపల్లి,
శనివారం.

మృదులమ్మకు రాజమల్లు దీవెనలు.

బరువు మూడు కిలోల చిల్లర. చాదర్‌ఘాట్ దవాఖానల తయారైండు. నిల్వ సంగతంటవా, మా వంశంల ఎనభై దాటినోళ్లే ఎక్కువ. మార్కెట్లకు ఇప్పుడే తీసుకపోం, దిష్టి తగుల్తది. పసిపిల్లగాని మీద బొమ్మ ఎందుకు వేస్తమమ్మా?

నువ్వు జవాబు చెప్పకపోతే నేనే చెప్త. హాసిని ఫోన్ల నిషంగుని గురించి కొట్లాడుకునేటోళ్లు వేలమంది ఉన్నరు. ఒకడు, యువరాణిని చేసుకొని రాజైతడంటడు. ఇంకొకడు, ముంజేతి మీద మచ్చే రాజవంశం గుర్తంటడు. మచ్చ కోర్టుల నిలుస్తదా?

మూడో పుస్తకంల ముసలి రాజు ఏమన్నడు? "ఉప్పుకోటల దీపం ఆరకుండ చూసుకున్నోడే ఈ రాజ్యానికి హక్కుదారు" అన్నడు. అందరు అది తాగి అన్న మాట అనుకున్నరు. ఆ దీపంల నూనె పోసిందెవరు? గుర్రాలు కడిగి, పండబోయే ముందట నిషంగుడే. పన్నెండేండ్లు పోసిండు. ఒక్కడన్న వచ్చి "ఏందిరా, నీకేం సంబంధం" అని అడిగిండా? లేదు. అడిగేటోడు లేకుండ పన్నెండేండ్లు ఎవని చేతుల ఉంటే అది వానిదే. కబ్జా కానూను అది. మా అన్న మీద వాకిలి కేసుల మా వకీలు చెప్పిన ముక్క గదే. అంటే నిషంగుడు కొత్తగ రాజు అయ్యే పని లేదు, ఎప్పుడో అయిండు. వానికే తెల్వది. ఔనా, కాదా? గంత చెప్పు చాలు.

ఇట్లు,
రాజమల్లు

తా.క. తినేది కాదు. పదార్థాలంటే, ముక్కు మాది, మొండితనం మాది. మిగిలింది హాసిని మొగనిది.

*

గన్‌ఫౌండ్రీ,
మంగళవారం.

రాజమల్లు గారికి,

ముందుగా మీ మునిమనవడికి ఆశీస్సులు. మీరేదో టిఫిన్ సెంటరు పెడుతున్నారనుకున్నాను, క్షమించండి.

మీ ఉత్తరం చదవగానే తీసుకెళ్లి రచయితగారి చేతిలో పెట్టాను. దీపం, నూనె, పన్నెండేళ్లు... ఏడో భాగం చివరి అధ్యాయమంతా అదే. రచయిత కాక ఆ రాతప్రతి చదివింది నేనూ, ప్రూఫులు దిద్దే శేషారత్నం గారూ మాత్రమే. అమరేశ్వరరావు గారు మీ ఉత్తరం రెండుసార్లు చదివి, నా వైపు చూసి "ఎవరికి చూపించావమ్మా?" అన్నారు. నేనెవరికీ చూపించలేదు. ఆయన నమ్మలేదు. రాతప్రతి మీకెలా చేరిందో అడగమని మా వకీలు మల్లేశ్వరరావు గారు పట్టుబట్టారు. మా ఆఫీసు బ్యాగు ఏదైనా మీ దగ్గరికి బాగుకు వచ్చిందా?

అచ్చు ఆగిపోయింది. "జిప్పులు కుట్టే పెద్దాయన ముందే చెప్పేసిన ముగింపు నాకొద్దు" అంటూ రచయితగారు ఆ అధ్యాయం చింపేశారు.

మృదుల

తా.క. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట. నిన్నటిదాకా నిషంగుడు రాజే. ఇవాళ కాదు. నా ఉద్యోగమూ అదే దారిలో ఉంది.

*

నాంపల్లి,
గురువారం.

మృదుల బిడ్డకు,

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి నాకు బువ్వ సయిస్తలేదు. నేను నోరు మూసుకొని ఉంటే ఆ పిలగాడు రాజయ్యేటోడు గద! హాసినికి చెప్పిన. "తాతా, ఇంతమంది కోరుకున్న రాజును ఒక్క స్పీడ్ పోస్టుతోని దించినవ్" అని ఏడ్చింది. తల్లిని చూసి పిల్లగాడు ఏడ్చిండు. పేరు లేదు కాబట్టి వాన్ని ఇప్పటికి 'ఓయ్' అంటున్నం.

రాసేటాయనకు నా మాటగ చెప్పు. మీ కాయితాలు నేను చూడలే. దొంగతనంగ చదివేటంత చదువు నాకు రాదు. ఇంకొక సంగతి, ఆ పన్నెండేండ్ల వాదనతోనే నేను కేసు ఓడిపోయిన. "రోజు ఊడ్చినంత మాత్రాన వాకిలి నీదైతదా?" అని జడ్జి సాబ్ కొట్టేసిండు. కోర్టే నమ్మని ముక్కను చదివేటోళ్లు ఎవరు ఊహిస్తరు? భయం లేకుండ రాసుకొమ్మను. అయినా అనుమానముంటే, నిన్న దినమంత దుకాణం ముందర నిలబడి, నిషంగుడు మచ్చతోనే రాజైతడని వచ్చిపోయేటోళ్లందరికీ చెప్పిన. నాంపల్లి సగం నమ్మింది. ఇద్దరు రైలు తప్పిపోయిన్రు.

నీ కొలువు పోతే ఫికర్ చేయకు. నా దుకాణంల ఒక స్టూలు ఖాళీ ఉన్నది. జిప్పులు నేర్పుత.

ఇట్లు,
రాజమల్లు

తా.క. మీ ఆఫీసు బ్యాగు ఒకటి వచ్చిన మాట నిజమే. లోపల చపాతీ డబ్బా, దువ్వెన ఉండె, కథ లేదు. మీద మల్లేశ్వరరావు అని పేరున్నది. వచ్చి తీసుకపొమ్మను, వాసనొస్తున్నది.

*

గన్‌ఫౌండ్రీ,
సోమవారం.

రాజమల్లు తాతకు, నమస్తే.

మీ ఉత్తరం చదివాక రచయితగారు నన్ను నమ్మారు, నా ఉద్యోగం నిలిచింది. మల్లేశ్వరరావు గారు ఇప్పుడు బ్యాగుల ప్రస్తావన తేవడం లేదు.

మొన్న విరిగిన సూట్‌కేసుతో మీ దగ్గరికి వచ్చిన బట్టతల ఆయనే అమరేశ్వరరావు గారు. మీరు గుర్తుపట్టలేదు. "గింత కుక్కుతరా? ఇది సూట్‌కేసా, గోదామా?" అని తిట్టారట. ఆ తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, రాజన్నవాడు ఎట్లుండాలో చీకటి పడేదాకా చెప్పారట. ఆయన తిరిగొచ్చి తలుపేసుకుని రాశారు.

కొత్త ముగింపు చెబుతున్నాను, నోరు జాగ్రత్త. నిషంగుడు లేపిన కాలు వెనక్కి తీసుకుంటాడు. "నాకు గుర్రాలు చాలు" అంటాడు. బతికే ఉంటాడు. గద్దె ఎక్కేది గుర్రపు జీనులు కుట్టే ఒక ముసలాయన. మంత్రులను, సేనాపతిని, ఏనుగును కూడా తిడతాడు. ఆయన పేరు రాజమల్లు.

పేరు వాడుకోవడానికి మీ అనుమతి కావాలి. పుస్తకంలో ఇంకా కొన్ని పేజీలు రాయాల్సి ఉంది.

మీ
మృదుల

తా.క. మీ బరువు రాయనక్కర్లేదు.

*

నాంపల్లి,
బుధవారం.

అమరేశ్వరరావు సారుకు నాంపల్లి రాజమల్లు దండాలు.

పేరు వాడుకోండ్రి. నోరు జాగ్రత్త అన్నది మృదుల, జాగ్రత్తగనే ఉన్న. మా గల్లీల చెప్పిన గానీ పక్క గల్లీల చెప్పలే.

కానీ అసలు లొల్లి ఇప్పుడు మొదలైంది. హాసిని మాట మార్చింది. "గుర్రాలు కడిగేటోని పేరెందుకు? నా కొడుక్కు రాజు పేరే పెడ్త, రాజమల్లు" అంటున్నది. మా ఇంట్ల బతికున్న పెద్దోళ్ల పేరు పిల్లలకు పెట్టం, పోయినోళ్లదే పెడ్తం. నేనింక పోలే గద! ఆ మాట చెప్తే హాసిని ఏమంటది? "ఇది నీ పేరు కాదు తాతా, పుస్తకంల రాజు పేరు" అంటది. ఇద్దరం కొట్లాడుతుంటే నా భార్య కమల తీర్పు చెప్పింది. పుస్తకంల రాజు పోతే పేరు పెట్టుకోవచ్చట, ఉంటే పెట్టొద్దట. ఇంటోళ్లందరు ఔనంటే ఔనన్నరు. అప్పటి నుంచి అందరు నా దిక్కే చూస్తున్నరు. కమల గూడ చూస్తున్నది.

మీ ఆరు పుస్తకాలల్ల రాజులు ఏమైన్రో నాకు యాదికున్నది సారు. ఒకడు బావిల పడ్డడు. ఒకన్ని పెండ్లి విందుల పొడిచిన్రు. ఒకన్ని ఏనుగు తొక్కింది. మీరు నాతోని ఏనుగును గూడ తిట్టిస్తున్నరట. నిన్న పక్కింటి పెండ్లికి పిలిస్తే పోలే.

నేను పోతే పిలగానికి పేరొస్తది. నేనుంటే వాడు ఓయ్ లెక్కనే ఉంటడు. నాకైతే పోవాల్నని లేదు. పాలు తాగేటోన్ని పేరు లేకుండ ఉంచబుద్ధి గూడ అయితలేదు. పుస్తకం మీ చేతుల ఉన్నది, పానం నాది. ఆఖరి పేజీల రాజమల్లు ఉంటడా, పోతడా? ఏదో ఒకటి రాయుండ్రి.

ఇట్లు,
ఇప్పటికైతే బతికే ఉన్న
రాజమల్లు

తా.క. పోయేటట్టుంటే నిద్రల పొమ్మనుండ్రి, ఏనుగు మాత్రం వద్దు. శనివారం తొట్టెల. శుక్రవారం దుకాణం కట్టేసేలోపట మీ జవాబు నా చేతుల పడాలె.