గిటారు మెడ

చిన్న తమ్ముడికి,

ప్రార్థన ముగించి కూర్చున్నాను. నాన్న వింటారని అడగలేక రాస్తున్నాను.

నిన్న నీ గదికి వస్తే, చెక్కుతున్న గిటారు మెడ మీద గబుక్కున తువ్వాలు కప్పావు. "నా కోసమే అక్కా, ఊరికే చెక్కుకుంటున్నా," అన్నావు. నా కళ్లు కప్పలేవురా. లావు తీగకు గాడి మామూలుగా ఉండే వైపు కాక రెండో వైపు కోశావేం? అలా కోస్తే ఎడమచేతి వాటం ఉన్నవాళ్లే వాయించగలరు. మనింట్లో పుర్రచేతివాడు ఒక్కడే, నాన్న ఇంట్లోంచి గెంటేసిన మీ అన్న.

వాణ్ని ఎక్కడ కలుస్తున్నావో నాకు చెప్పకు. తెలిస్తే నాన్న ముందు అబద్ధమాడలేను.

ఒక్క మాట. ఆ మెడ ఇంకా లావుగా ఉంది. వాడివీ నాలాగే పొట్టి వేళ్లు. ఇంకాస్త చెక్కు.

పెద్దక్క