బ్లాంక్‌లో పీక్

ఫిబ్రవరి 11, మంగళవారం

మా ఎక్స్‌పర్ట్ సిస్టమ్ ఇవాళ కంప్యూటర్‌లో రన్ అయింది! మిరపకాయల్లో బూజు విషం కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మొరాయిస్తే ఏం చూడాలో, నాకూ, నాతో పనిచేసే జెబాకీ తెలిసిందంతా రూల్స్‌గా రాసి దానికి నేర్పాం. అది ప్రశ్నలడుగుతుంది. మనం జవాబు చెబితే జబ్బేందో చెప్పేస్తుంది. నర్సరావుపేటలో, ఇంత చిన్న ల్యాబ్‌లో! ఓనర్ మస్తాన్‌రావు గారు మాత్రం, బాగుందమ్మా ఆటబొమ్మ, అని టీకి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 17, సోమవారం

కారంపూడి రైతు కోటమ్మ గారి కాయలు ఫెయిల్. గ్రాఫ్‌లో విషం కనపడాల్సిన చోట గీత కొండలా లేచింది, పెద్ద పీక్. ఆమె ల్యాబ్‌కే వచ్చేసింది. నా కాయకి బూజేంది, పురిటిబిడ్డని చూసుకున్నట్టు ఆరబెట్టుకున్నా, కొన్నాయన ఎల్లుండి లోడ్ వెనక్కి పంపుతానంటున్నాడు, అని అరిచింది. అరుస్తూ అరుస్తూ ఏడ్చేసింది.

సాయంత్రం 4

అనుమానమొచ్చి బ్లాంక్ పెట్టా. మిరపకాయ వాసన కూడా తగలని ఉత్త సాల్వెంట్. అందులోనూ పీక్!! కాయ కాదు, మిషనే!

ఫిబ్రవరి 18

సర్వీస్ ఇంజనీర్ ఫోన్‌లో, ల్యాంప్ పోయుంటది, వచ్చేవారం వస్తా అన్నాడు. లోడ్ అప్పటిదాకా ఆగదు. సిస్టమ్ ముందు కూర్చున్నాం. బ్లాంక్ మళ్లీ మళ్లీ పెడితే పీక్ తగ్గుతోందా అనడిగింది. పెట్టాం. తగ్గుతోంది. అయితే ముందు పెట్టిన సాంపిల్ కాస్త లోపలే ఉండిపోతోంది, సాంపిల్‌ని లోపలికి పంపే ఇంజెక్టర్ సీల్ చూడండి, అంది.

మనం తెరిస్తే వారంటీ పోద్ది అన్నారు మస్తాన్‌రావు గారు. రిపోర్ట్ తప్పని తెలిసీ ఊరుకుంటే ల్యాబే పోద్ది సార్, అంది జెబా. ఆయన టూల్‌కిట్ తెచ్చి బల్ల మీద పెట్టారు. సరే, తెరవండి అన్నారు.

సీల్ మీద గీత! గోరుకి తగిలేంత గీత! కొత్త సీల్ వేసి బ్లాంక్ పెట్టాం. పీక్ లేదు. ఇద్దరం ఒకళ్ల చేతులొకళ్లం పట్టుకుని గెంతాం. కోటమ్మ గారి కాయలు మళ్లీ పెట్టాం.

పాస్.

ఫిబ్రవరి 19

లోడ్ వెనక్కి రాలేదు, ముందుకే వెళ్లిపోయింది. కోటమ్మ గారు ఫోన్ చేసి, నే చెప్పలా, అని పెట్టేసింది.

ఫిబ్రవరి 20

ఈ నెల ఫెయిలైన సాంపిళ్లన్నీ మళ్లీ పెట్టమన్నారు మస్తాన్‌రావు గారు. మేం అడక్కముందే!

మార్చి 6

పంప్ ప్రెషర్ పడిపోయింది. వాల్వ్ చెడిందంది సిస్టమ్. పంపంతా విప్పాం. వాల్వ్ శుభ్రంగా ఉంది. సాల్వెంట్ సీసా ఖాళీ. జెబాకి నవ్వి నవ్వి ఎక్కిళ్లు. కొత్త రూల్ రాశాం, అన్నిటికన్నా పైన: సీసాలో సాల్వెంట్ ఉందా?